మధ్యలో నిలబడేది ఎవరు? దుబాసి పని చరిత్ర, మన పిల్లల కొలువు



మొన్న హాస్టల్లో కూర్చున్నప్పుడు ఒక చెల్లి అడిగింది. "అన్నా, నాకు గోండి వచ్చు, తెలుగు వచ్చు, హిందీ వచ్చు, ఇంగ్లీషు కొంచెం కొంచెం. ఇంటర్‌ప్రెటర్ అని ఒక పని ఉంటుందట కదా. అది మనలాంటోళ్లకు దొరుకుతదా?" పక్కనోళ్లు కొందరు నవ్వారు. గోండి మాట్లాడితే జీతం ఎవడిస్తాడు అన్నారు. ఆ రాత్రి మేము కూడా సరైన జవాబు చెప్పలేకపోయాం. తర్వాత నలుగురం కూర్చుని చదివాం, పెద్దోళ్లను అడిగాం. తెలిసింది ఇక్కడ రాస్తున్నాం. పోస్టు పొడవైంది, ఓపికగా చదవండి.

చరిత్ర దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ పని కొత్తది కాదు. మూడు వందల ఏళ్ల నుంచి ఇది కొలువే. జీతం ఉంది, పేరు ఉంది, పల్లకీ కూడా ఉంది. కానీ మన దగ్గరికి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో తెలిస్తే ఇప్పుడెలా తెచ్చుకోవాలో తెలుస్తుంది.

*దుబాసి అంటే*

రెండు భాషలు తెలిసినవాడు ద్విభాషి. జనం నోట్లో అది దుబాసి అయింది. సముద్రం మీద వచ్చిన కంపెనీ వాళ్లకు ఇక్కడి మాట తెలియదు. బట్ట కొనాలన్నా, పన్ను వసూలు చేయాలన్నా, నవాబుతో బేరం ఆడాలన్నా మధ్యలో ఒక మనిషి కావాలి. మద్రాసులో, పుదుచ్చేరిలో ఆ మధ్య మనిషే దుబాసి. పుదుచ్చేరిలో ఆనందరంగ పిళ్లై ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసిగా ఉండి, 1736 నుంచి 1761 దాకా డైరీ రాసిపెట్టాడు. ఆ కాలం చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ ఆ డైరీ తెరుస్తారు.

తెలుగోళ్లలోనూ ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్. 1830లో కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చి, దారి పొడవునా చూసింది రాశాడు. అదే కాశీయాత్ర చరిత్ర. అంత ఖర్చుతో అంత పరివారంతో యాత్ర చేయగలిగాడంటే ఆ కొలువు ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు. వెన్నెలకంటి సుబ్బారావు 1784లో పుట్టి, ఇంగ్లీషు నేర్చుకుని, మద్రాసు సదర్ కోర్టు ఇంటర్‌ప్రెటర్ దాకా ఎదిగాడు. తన జీవితం తానే ఇంగ్లీషులో రాసుకున్నాడు. అది 1873లో అచ్చయింది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు కర్నల్ మెకంజీ దగ్గర పనిచేశారు. మెకంజీకి ఇక్కడి భాషలు రావు. ఊరూరా తిరిగి కైఫీయతులు, శాసనాలు పోగుచేసి, అర్థం చెప్పింది వీళ్లూ, వీళ్లలాంటి వాళ్లూ. పేరు మాత్రం మెకంజీ కైఫీయతులు అని నిలబడింది.

ఇందులో ఇంకో ముఖం ఉంది. అవధానం పాపయ్య అని మద్రాసులో ఒక పెద్ద దుబాసి. గవర్నరు హాలండ్ సోదరులకు కుడిభుజం. ఆయన చెప్పిందే దొర చెవికి ఎక్కేది. చివరికి 1792లో ఒక ఇంగ్లీషు అధికారి మీద కుట్ర చేశాడని విచారణ జరిగి శిక్ష పడింది. ఈ కథ ఎందుకు చెప్తున్నామంటే, మధ్యలో నిలబడ్డ మనిషి చేతిలో అధికారం ఉంటుంది. ఈ చెవిలో ఒకటి, ఆ చెవిలో ఒకటి చెప్పినా రెండు పక్కల వాళ్లకూ తెలియదు. ఆ అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే మన చరిత్ర.

*కొండల్లోకి వచ్చేసరికి*

మనం ఉండే చోటును ఏజెన్సీ అంటాం. ఆ మాట ఎక్కడిది? 1839లో 24వ నంబరు చట్టం తెచ్చి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కింద నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టారు. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. తర్వాత గోదావరి కొండలకూ ఆ పద్ధతి వచ్చింది. అంటే మన నేలకు పెట్టిన పేరులోనే ఇంకొకరి తరఫున మాట్లాడే మనిషి కూర్చున్నాడు.

ఆ ఏజెంటు దొరకు సవర రాదు, కువి రాదు, కోయ రాదు. కొండ మీది మాట దొర దాకా పోవాలంటే షావుకారి నోటి నుంచో, ముఠాదారు నోటి నుంచో, కింది గుమాస్తా నోటి నుంచో పోవాలి. వాళ్లలో చాలామందికి మన చింతపండు మీద, మన పొలం మీద, మన అప్పు మీద సొంత లెక్క ఉంది. దుబాసి అనే ఉద్యోగం పేరుకు లేదు. దుబాసి పని మాత్రం మన ఎదుటి పక్షం మనిషే చేశాడు.

1879 రంప తిరుగుబాటు అందరికీ తెలుసు. కారణాలు చదివితే చిగురుపన్ను ఉంటుంది, పోలీసుల జులుం ఉంటుంది. ఇంకొకటి కూడా ఉంటుంది, దాని మీద మన దృష్టి తక్కువ. మైదానం వ్యాపారులు సివిల్ కోర్టుల్లో కొండవాళ్ల మీద దావాలు వేసి ఎక్స్‌పార్టీ డిక్రీలు తెచ్చుకున్నారు. ఎక్స్‌పార్టీ అంటే ఎదుటి మనిషి కోర్టుకు రాకుండానే తీర్పు అయిపోవడం. ఆ డిక్రీ చూపించి గొడ్డూ గోదా, గింజా పట్టుకుపోయారు. విచారణ చేసిన అధికారులే ఈ సంగతి ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. రంప కొండల్లో ఎక్కువమంది కొండరెడ్లు. వాళ్ల ఇంటి భాష తెలుగే. మరి తెలుగు వచ్చినవాళ్లు కోర్టులో ఎందుకు ఓడిపోయారు? కోర్టు భాష వేరు కాబట్టి. వాయిదా, సమన్లు, డిక్రీ, జప్తు. ఈ మాటలకు అర్థం చెప్పే మనిషి కొండ పక్షాన ఒక్కడూ లేడు. అందుకే మేము అనేది, ఇంటర్‌ప్రెటర్ పని అంటే గోండి మాటకు తెలుగు మాట పెట్టడం మాత్రమే కాదు. కాగితం భాషను మనిషి భాషలోకి దించడం కూడా.

*పర్లాకిమిడి ఇంట్లో ఉన్న మనిషి*

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు అది. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం స్కూల్లో చెప్తారు. సవర భాష కోసం చేసింది అంతగా చెప్పరు. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్నప్పుడు సవరలను చూసి, వాళ్ల భాష నేర్చుకోవాలని రెండు భాషలూ తెలిసిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం బళ్లు పెట్టారు. 1931లో సవర భాషకు మాన్యువల్, తర్వాత నిఘంటువులు అచ్చయ్యాయి. సవర ముండా కుటుంబం భాష, తెలుగుకు చుట్టం కాదు. అలాంటి భాషను చెవితో పట్టి వ్యాకరణం రాయడం మామూలు పని కాదు. ఆయనకు మన గౌరవం ఎప్పుడూ ఉంటుంది.

అయితే మా ప్రశ్న ఆ ఇంట్లో ఉన్న రెండో మనిషి గురించి. ఒక్కో మాటకు అర్థం చెప్పినవాడు, తప్పు పలికితే దిద్దినవాడు. ఈ కథలో అసలు దుబాసి ఆయనే. మన పాఠ్యపుస్తకంలో ఆయన పేరు లేదు. ఆ తర్వాత కూడా అదే వరస. 1955లో ఎమెనో కొలామి మీద పుస్తకం వేశారు, 1969లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ భాష మీద వేశారు. గొప్ప పుస్తకాలే. వాటి వెనక ఊళ్లో అరుగు మీద కూర్చుని గంటలకొద్దీ మాట చెప్పిన మనవాళ్లు ఉన్నారు. వాళ్లకు అది కొలువు అని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వాళ్ల పిల్లలు ఆ దారిలో నడిచేవాళ్లేమో.

మనవాళ్లు ఊరికే కూర్చోలేదు కూడా. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. మన ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఇప్పుడు ఫోన్లో రాసుకునే వీలున్న లిపి అది.

*జోడేఘాట్ తర్వాత మార్లవాయి*

నిజాం రాజ్యంలో దస్తావేజు భాష ఉర్దూ. ఆదిలాబాద్ గోండులది గోండి. పొలం ఎవరిదో కాగితం చెప్తుంది, ఆ కాగితం ఏం చెప్తుందో పొలం దున్నేవాడికి తెలియదు. కొమురం భీం పోరాటం జల్, జంగల్, జమీన్ కోసం. 1940లో జోడేఘాట్‌లో ఆయన్ను కాల్చి చంపాక సర్కారుకు భయం పట్టింది. ఎందుకిట్లా జరిగిందో చూడమని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది.

1943లో మార్లవాయిలో గోండి టీచర్ల ట్రైనింగు కేంద్రం మొదలైంది. ఇది మన కథలో పెద్ద మలుపు. బయట నుంచి టీచర్లను తెచ్చి గోండి నేర్పలేదు. అక్షరం ముక్క వచ్చిన గోండు యువకులను వెతికి పట్టుకుని, వాళ్లకే ట్రైనింగు ఇచ్చి, వాళ్లనే ఊళ్లకు టీచర్లుగా పంపారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. అంటే మొదటిసారి, మధ్యలో నిలబడే మనిషి మన ఇంటివాడు. జీతం తీసుకుని, గోండి మాట్లాడుతూ, సర్కారు పని చేసిన మనవాళ్లు. ఎనభై ఏళ్ల కిందటే అది జరిగింది. కాబట్టి "గోండి మాట్లాడితే జీతం ఎవడిస్తాడు" అని నవ్వే తమ్ముళ్లకు మా జవాబు మార్లవాయి.

ఆ తర్వాత ఆ దారి సన్నబడింది. మళ్లీ 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అని ఎనిమిది భాషల్లో చిన్న క్లాసుల చదువు మొదలుపెట్టారు. మాలో ఒకరి అక్క ఆ కోయ వాచకంతోనే అక్షరాలు దిద్దింది.

*ఏర్ అంటే నీళ్లు*

ఇప్పటి సంగతి ఒకటి చెప్తాం. మాలో ఒకరు డిగ్రీలో ఉండగా, జ్వరమొచ్చిన చిన్నాన్నను తీసుకుని ఒక ఆస్పత్రికి వెళ్లారు. అక్కడ ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చిన గుత్తికోయ తల్లి, చేతిలో ఏడాది బిడ్డ. బిడ్డకు విరేచనాలు. ఆమె "ఏర్, ఏర్" అంటోంది. నర్సమ్మకు తెలుగే తెలుసు. తెలుగులో ఏరు అంటే వాగు. "వాగు నీళ్లు తాగించిందంట, అందుకే ఇట్లయింది" అని ఆ తల్లిని కసిరింది. కోయలో, గోండిలో ఏర్ అంటే నీళ్లు. ఆ తల్లి బిడ్డకు తాగించడానికి నీళ్లు అడుగుతోంది, అంతే.

మనవాడు కల్పించుకుని చెప్పాడు. నీళ్లొచ్చాయి, పొడి కలిపి తాగించారు, బిడ్డ తేరుకుంది. ఐదు నిమిషాల పని. కానీ రూములోకి వచ్చి మనవాడు చెప్పిన మాట మాకు గుర్తుంది: "ఆమె మాట నాకు సగమే అర్థమైంది రా. మన కోయ వేరు, వాళ్ల కోయ వేరు. మిగతా సగం ఊహించి చెప్పిన. తప్పు చెప్పి ఉంటే?" ఆ భయమే ఈ పనికి మొదటి మెట్టు. భాష వచ్చినంత మాత్రాన ఇంటర్‌ప్రెటర్ అయిపోరు. తెలియనిచోట ఊహించకుండా "ఆగండి, ఇంకోసారి అడుగుతాను" అనగలిగినవాళ్లే అవుతారు.

*చట్టం ఏమంటోంది*

అరెస్టు చేస్తే ఎందుకు చేశారో చెప్పాలని రాజ్యాంగం 22వ అధికరణ. అర్థం కాని భాషలో చెప్తే చెప్పినట్టా? ముద్దాయికి అర్థం కాని భాషలో సాక్ష్యం నడిస్తే, అతనికి అర్థమయ్యే భాషలో కోర్టులోనే చెప్పాలని 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 279వ సెక్షన్ అంది. ఇంటర్‌ప్రెటర్ ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి కట్టుబడి ఉండాలని 282 అంది. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ నియమాలు ఉన్నాయి. 350ఏ అధికరణ చిన్న క్లాసుల్లో మాతృభాష గురించి చెప్తుంది. కాగితం మీద మన హక్కు ఉంది. దాన్ని నడిపించే మనిషే తక్కువ.

మనుషులు ఉంటే ఏమవుతుందో సంతాలీ చూపించింది. 2003లో 92వ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్లోకి వచ్చింది. 2018లో రాజ్యసభ షెడ్యూల్లోని 22 భాషలకూ ఇంటర్‌ప్రెటర్లను ఏర్పాటు చేసింది. 2019 డిసెంబరులో ఒడిశా సభ్యురాలు సరోజినీ హెంబ్రమ్ రాజ్యసభలో సంతాలీలో మాట్లాడారు. ఆమె మాట్లాడుతుంటే ఒక గదిలో కూర్చుని ఆ మాటను వేరే భాషలోకి అప్పటికప్పుడు చెప్పిన మనిషి ఒకరున్నారు. ఆ కుర్చీ ఒక ఆదివాసీ భాష కోసం పుట్టిన కొలువు. 2011 జనగణనలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 29.8 లక్షలు, కోయ 4 లక్షల పైచిలుకు, సవర కూడా 4 లక్షల పైచిలుకు. గోండి ఇంకా షెడ్యూల్లో లేదు. ఆ అడగడం వేరే పోరాటం, కానీ అది గెలిచిన రోజున కుర్చీలో కూర్చోడానికి మనిషి సిద్ధంగా ఉండాలి కదా.

*ఎలా మొదలుపెట్టాలి*

చెల్లీ, ఇక నీ ప్రశ్నకు వస్తున్నాం. నిజం చెప్పాలి, ఇది గ్రూప్ పరీక్షలాగా ఏటా నోటిఫికేషన్ పడే ఉద్యోగం కాదు. మొదట్లో ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. అయినా దారులున్నాయి.

మొదటిది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా చేరడం. గౌరవ వేతనం కొద్దిగానే వస్తుంది. కానీ బెయిల్, రిమాండ్, వాయిదా, వాంగ్మూలం అనే మాటలు కళ్లముందు నడవడం చూస్తావు. కోర్టు భాష పుస్తకంలో కంటే అక్కడే త్వరగా వస్తుంది.

రెండోది చదువు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువాద అధ్యయనాల కేంద్రం ఉంది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఇంట్లో ఉండి చదవాలంటే ఇగ్నోలో అనువాదం డిప్లొమా ఉంది. మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ, అక్కడి జాతీయ అనువాద మిషన్ ప్రకటనలు చూస్తూ ఉండాలి.

మూడోది భాషా సాంకేతికం. 2025లో కేంద్ర గిరిజన శాఖ ఆది వాణి అనే అనువాద యాప్ తెచ్చింది. గోండి, భిలి, ముండారి, సంతాలీ అందులో ఉన్నాయి. మెషీను వచ్చాక మనిషెందుకు అని కొందరు అంటారు. ఆ మెషీనుకు మాట నేర్పేది, తప్పు చెప్తే దిద్దేది ఎవరు? మళ్లీ పర్లాకిమిడి ఇంట్లో ఉన్న ఆ మనిషే. ఈసారి ఆ మనిషికి పేరూ ఉండాలి, జీతమూ ఉండాలి.

నాలుగోది, అన్నిటికన్నా ముందు చేయాల్సింది, ఇంట్లో పని. ఒక నోటుబుక్కు పెట్టు. ఆస్పత్రి మాటలు, కోర్టు మాటలు, రెవెన్యూ మాటలు మూడు భాగాలు. ఒక్కో మాటకు మన భాషలో పెద్దోళ్లు ఏమంటారో అడిగి రాయి. మాట లేకపోతే ఎలా విడమర్చి చెప్తారో రాయి. పక్క మండలంలో అదే మాట ఎలా మారుతుందో కూడా రాయి. సంతలో, పెళ్లిలో చెవి పెట్టి విను. మనలో చాలామందికి హాస్టల్ చదువుల వల్ల సొంత భాష పలచబడింది. అది ఒప్పుకోవడంలో సిగ్గేమీ లేదు, అవ్వల దగ్గర మళ్లీ కూర్చోవాలి, అంతే.

పని చేసేటప్పుడు కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. అవతలి మనిషి "నేను" అంటే నువ్వూ "నేను" అనే చెప్పాలి, "ఈమె ఇట్లా అంటోంది సార్" అని కాదు. కలపకూడదు, తీసేయకూడదు. తిట్టినా తిట్టినట్టే చెప్పాలి. విన్నది బయట చెప్పకూడదు, మన ఊరి మనిషి సంగతి అయితే ఇంకా. సలహా ఇవ్వకూడదు, అది వకీలు పని. రెండు పక్కలా డబ్బు తీసుకోకూడదు. పాపయ్య కథ అందుకే చెప్పాం. మనవాళ్ల మీద ప్రేమతో కూడా మాట మార్చకూడదు. ఒక్కసారి మార్చావని తెలిస్తే, తర్వాత నువ్వు చెప్పే నిజాన్ని కూడా కోర్టు నమ్మదు, నష్టం మనవాళ్లకే.

చివరిగా ఒక పని. ఈ వేసవి సెలవులకు ఊరికెళ్లే ప్రతి ఒక్కరం ఆస్పత్రి మాటలు యాభై రాసుకొద్దాం. గోండి వాళ్లు గోండిలో, కోయ వాళ్లు కోయలో, సవర, కొలామి, కువి ఎవరిది వాళ్లు. నొప్పి, వాంతి, కాన్పు, మందు, పరగడుపు, ఎన్ని పూటలు. ఏర్ దగ్గరే మొదలుపెడదాం. తిరిగొచ్చాక అన్నీ ఒకచోట చేర్చి, మాట చెప్పిన అవ్వ పేరు, తాత పేరు వాళ్లు ఒప్పుకుంటే పక్కనే రాద్దాం.

జోహార్. జై ఆదివాసీ.